పాత లెక్కలో

రాత్రి రెండింటికి విల్ఫ్రెడ్ థాక్రే చెవిలో
థర్మామీటరు కీచుమంది.
ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది.
"పాత లెక్కలో ఎంత?" అన్నాడు కళ్ళు తెరవకుండానే,
సంతలో బేరమాడే గొంతుతో.

కాగితం తియ్యలేదు నేను.
రెండింతలు చెయ్యి: డెబ్భై ఏడు పాయింట్ ఎనిమిది.
అందులో పదోవంతు తీసెయ్యి.
మిగిలినదానికి ముప్పై రెండు కలుపు.
నూట రెండు.
"అదీ, అలా చెప్పు. ఇప్పుడు జ్వరం వచ్చినట్టుంది."

నాకూ అంతే. ఆయనతో అనలేదు గానీ.
రెంటచింతలలో ఎండ నలభై ఏడు,
అదే ఊళ్ళో అదే రోజు నా ఒళ్ళు కాలితే నూట మూడు.
ఎండకో భాష, ఒంటికో భాష.
ముప్పై తొమ్మిది జ్వరమంటే నా చెవికి ఇప్పటికీ
మార్చి నెల మధ్యాహ్నంలాగే వినిపిస్తుంది.
ఈ హల్ ఊరి ముసలాళ్ళది ఇంకో తిరకాసు:
మంచు పడితే సున్నాకి రెండు కింద,
ఎండ కాస్తే ఎనభై దాటింది.
ఏది గొప్పగా వినిపిస్తే ఆ కొలత.

ముప్పై ఒక్క ఏళ్ళు బేకరీలో పొయ్యి దగ్గర నిలబడ్డాడట.
గ్యాస్ నాలుగంటే మూడొందల యాభై,
కొత్త పొయ్యి మీద నూట ఎనభై,
మూడూ ఒకటే వేడి, రొట్టెకి అంకెలు రావు, అన్నాడు.
అసలు కొలత చేతి వెనకవైపు ఉంటుంది.
పొయ్యిలో పెట్టి ఎంతవరకు లెక్కపెట్టగలిగితే అంత:
ఎనిమిదైతే బన్ను, అయిదైతే బ్రెడ్డు.
ఆ చెయ్యి దుప్పట్లోంచి తీసి చూపించాడు.
మెటికల మీద ఒక్క వెంట్రుక లేదు.

నాలుగింటికి ఒక డిగ్రీ దిగింది.
శిక్షణకొచ్చిన కీలీ, పంతొమ్మిదేళ్ళ పిల్ల,
ఆ ఒకటినీ శ్రద్ధగా మార్చి, ముప్పై రెండు కలిపి,
"ముప్పై మూడు పాయింట్ ఎనిమిది తగ్గింది!" అంది.
"అయితే నేను పోయి చాలాసేపయినట్టే" అని
నవ్వి దగ్గి, దగ్గి నవ్వి
ఆక్సిజన్ గొట్టం ఊడగొట్టుకున్నాడు.

కారిడార్లో చెప్పాను ఆ పిల్లకి.
ఎంత ఉంది అంటే ముప్పై రెండు కలపాలి.
ఎంత తగ్గింది అంటే కలపకూడదు.
సున్నా రాయి ఎవరు ఎక్కడ పాతారన్న గట్టు తగువు ఆ ముప్పై రెండు.
తగ్గడానికి సున్నాతో పనేంటి?
చెబుతూ చెబుతూ ఆగిపోయాను.
అద్దె పది పౌండ్లు పెరిగిందన్న ప్రతిసారీ
మాచర్ల బజారు మొత్తం తెచ్చి దానికి కలిపి
రాత్రంతా కూర్చున్నదాన్ని నేను.
"ఏమైంది?" అంది కీలీ.
ఏం లేదు, వెళ్ళి ఆరో మంచం చూడు.

ఆరింటికి ముప్పై ఏడు పాయింట్ నాలుగు.
చార్టులో ఎక్కించి, పక్కన పెన్సిల్‌తో, చీమంత,
తొంభై తొమ్మిది పాయింట్ మూడు అని రాశాను,
లేచాక చూసుకుంటాడని.
సిస్టర్ బ్రెండా రబ్బరు తీసి తుడిచేసింది.
"ఒక మంచానికి ఒకటే కొలత, సువర్చలా."
నిజమే. రెండూ కలగలిస్తే మందు తప్పుతుంది.
కాగితం మీద గాడి మాత్రం పోలేదు,
వేలితో తడిమితే తగులుతోంది.

ఆన్లబీ రోడ్డు, బస్టాపు, హంబర్ మీంచి గాలి.
ఫోన్ తీసి చూశాను. మూడు డిగ్రీలు.
అలవాటు ఊరుకోదు కదా.
ఆరు. పదోవంతు పోతే అయిదు పాయింట్ నాలుగు.
ముప్పై రెండు.
ముప్పై ఏడు పాయింట్ నాలుగు.
మళ్ళీ చేశాను. అదే.

చేతితొడుగు ఊడదీసి
చేతి వెనకవైపు గాలికి పెట్టి
లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
నాలుగు దగ్గర బస్సొచ్చింది.